కత్తివేటుతో కాంతిని బోధించిన గురువు

గ్లాసు నీళ్లలో ఏటవాలుగా పెట్టిన చెంచా విరిగినట్టు కనిపిస్తుంది. ఎందుకని పిల్లలు అడిగినప్పుడల్లా వెయ్యేళ్ల కిందటి మహా పండితుడు ఇబ్నుల్ హైసమ్ మాకు గుర్తొస్తారు.

ఆయన 965 ప్రాంతంలో (హిజ్రీ 354) ఇరాక్‌లోని బస్రాలో జన్మించారు. నైలు నదిని అదుపు చేయగలనని ఆయన అన్నట్టు విని, ఈజిప్టు నేలుతున్న ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ కైరోకు పిలిపించారని చరిత్రకారులు రాశారు. తీరా అస్వాన్ దాకా వెళ్లి నదిని చూశాక, అది తనవల్ల కాదని ఆయనకు తెలిసిపోయింది. తిరిగొచ్చి తప్పు ఒప్పుకున్నారు. అయినా ఖలీఫా ఆగ్రహానికి భయపడి మతిభ్రమించినట్టు నటించారట. 1021లో ఖలీఫా కనుమరుగయ్యేవరకూ గృహనిర్బంధంలోనే ఉన్నారట. ఆ తర్వాత అల్ అజ్హర్ సమీపంలో నివసిస్తూ, గ్రంథాలకు నకళ్లు రాసి పొట్టపోసుకున్నారు.

కళ్ల నుంచి కిరణాలు బయలుదేరి వస్తువులను తాకుతాయన్న పూర్వుల మాటను ఆయన కాదన్నారు. వస్తువుల నుంచి వచ్చే వెలుగే కంటిలో పడుతుందని కితాబుల్ మనాజిర్‌లో నిరూపించారు. ఆ గ్రంథం ఏడో భాగం కాంతి వంగడం గురించినదే.

అక్కడ ఆయన ఎంచుకున్న ఉదాహరణలు ఎంత సులువైనవో చూడండి. పలుచని చెక్కపైకి గుండును నిటారుగా విసిరితే చెక్క బద్దలవుతుంది. ఏటవాలుగా విసిరితే గుండు జారిపోతుంది. కత్తివేటూ అంతే. నిటారుగా పడితే తెగుతుంది, వాలుగా పడితే బలం తగ్గుతుంది. అలాగే గాలిలోంచి నీటిలోకి వాలుగా దిగే కాంతికి నీరు అడ్డు తగులుతుంది. అందుకే అది సులువైన నిటారు దారి వైపు ఒంగుతుందని ఆయన వివరించారు.

ఉపమానం బోధకే గానీ రుజువు కాదని ఆయనకు తెలుసు. అందుకే డిగ్రీలు గుర్తించిన లోహపు పరికరాన్ని నీటిలో ముంచి ఆ వంపును స్వయంగా పరిశీలించారు. చిక్కని పదార్థంలో కాంతి నెమ్మదిస్తుందని కూడా అన్నారు. ఆ మాట నిలిచింది. నీటిలో కాంతి వేగం శూన్యంలో ఉన్నదానిలో సుమారు నాలుగింట మూడు వంతులే. మేము పిల్లలకు బండి ఉదాహరణ చెబుతాం. గట్టినేల మీది బండి ఏటవాలుగా బురదలోకి దిగితే, ముందు దిగిన చక్రం నెమ్మదించి బండి అటే తిరుగుతుంది కదా!

ఆయన 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూశారు. ఆయన గ్రంథం లాటిన్ అనువాదం 1572లో బాసెల్‌లో అచ్చయింది. అంతకుముందే ఆయన బాటలో నడిచిన కమాలుద్దీన్ ఫారిసీ, నీరు నింపిన గాజుగోళంతో ఇంద్రధనుస్సు గుట్టు విప్పారు.

నైలు ఒడ్డున తన మాటనే తప్పని ఒప్పుకున్న మనిషి, పూర్వుల మాటనూ పరీక్షించకుండా వదలలేదు. ఈసారి మీ పిల్లలు చెంచా చూపించి ప్రశ్నిస్తే విసుక్కోకండి. వారిచేతనే చేయించి చూపండి.