జెనోఫన్ : సోక్రటీసు శిష్యుడైన వేటకాడు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఒక మహాపురుషుని చరిత్రము వ్రాయదలచి, నేను చక్రవర్తుల జోలికి పోక, కుక్కలను వెంటబెట్టుకొని కుందేళ్ళకై కొండలలో తిరిగిన ఒక గ్రీకు గృహస్థుని ఎన్నుకొంటిని. అతని పేరు జెనోఫన్. అతడు సోక్రటీసు మహాశయుని శిష్యుడు. పదివేల సైన్యమును మృత్యుముఖమునుండి తప్పించిన సేనాని. జన్మభూమికి దూరమై పల్లెటూరిలో సేద్యము చేసికొని బ్రతికిన రైతు. అన్నిటికి మించి గ్రంథకర్త. వేటకుక్కలను గూర్చి అతడు వ్రాసిన చిన్న పుస్తకము, వేట విషయమున పాశ్చాత్యులకు దక్కిన గ్రంథములలో మొట్టమొదటిదని పండితులు చెప్పుదురు.

జెనోఫన్ క్రీ.పూ. 430 ప్రాంతమున ఏథెన్సు రాజ్యమున జన్మించెను. తండ్రి పేరు గ్రిల్లస్. గుఱ్ఱమును పోషింపగల సంపన్న కుటుంబము. బాల్యమంతయు ఏథెన్సునకు స్పార్టాకు జరిగిన దీర్ఘయుద్ధపు నీడలోనే గడచెను. సోక్రటీసుతో అతనికి పరిచయమైన విధమును గూర్చి ఒక కథ ప్రచారములో నున్నది. ఒక ఇరుకు సందులో ఆ వృద్ధుడు చేతికఱ్ఱ నడ్డముగా పెట్టి ఈ యువకుని ఆపి, ఫలానా వస్తువు ఎక్కడ దొరకును, ఫలానాది ఎక్కడ అమ్ముదురు అని వరుసగా అడిగెనట. జెనోఫన్ అన్నిటికిని తడుముకొనక బదులు చెప్పెను. తుదకు, మనుష్యులు మంచివారగుట ఎక్కడ జరుగునని అడుగగా అతనికి నోట మాట రాలేదు. అట్లయిన నా వెంట వచ్చి నేర్చుకొమ్మని గురువు ముందు నడచెను. శిష్యుడు వెనుక నడచెను.

క్రీ.పూ. 401లో పారసీక రాజకుమారుడు సైరస్, తన అన్నయగు చక్రవర్తిపై దండెత్తుటకు గ్రీకు జీతగాండ్రను కూర్చుకొనెను. ప్రాక్సెనస్ అను మిత్రుడు జెనోఫన్‌ను రమ్మని పిలిచెను. సోక్రటీసు, డెల్ఫీలోని దేవుని అడిగి పొమ్మని హితవు చెప్పెను. శిష్యుడు డెల్ఫీకి పోయెను గాని, పోవలెనా వలదా అని అడుగలేదు. ప్రయాణము సుఖముగా సాగుటకు ఏ దేవతను పూజింపవలెనని మాత్రమే అడిగెను. మనసులో ముందే నిశ్చయించుకొన్నవాడు అడుగు ప్రశ్న అట్లే యుండును. గురువు మందలించెను గాని, అడిగితివి గనుక దేవుడు చెప్పినట్లే చేయుమనెను. వారిరువురు మరల కలిసికొనలేదు. జెనోఫన్ పరదేశమున నుండగానే, క్రీ.పూ. 399లో ఏథెన్సు సోక్రటీసునకు విషమిచ్చి చంపెను.

బాబిలోను సమీపమున కునాక్సా యుద్ధములో సైరస్ హతుడయ్యెను. పిమ్మట టిస్సఫెర్నీసు అను పారసీకుడు సంధి మాటల నెపమున గ్రీకు సేనానులను పిలిపించి బంధించెను, వారందరును చంపబడిరి. ఇంటికి వేల మైళ్ళ దూరమున, దారి చూపువారు లేక, నాయకులు లేక, ఆ పదివేలమంది ఆ రాత్రి అన్నము తినక, పొయ్యి రాజేయక, ఎక్కడివారక్కడ పడియుండిరి. తండ్రి ఇంటిపై పిడుగు పడినట్లు కలగని మేల్కొనిన జెనోఫన్, తెల్లవారువరకు వేచియుండుట వ్యర్థమని తలచి, మిగిలిన అధికారులను లేపి మాట్లాడెను. వారతనిని సేనానులలో నొకనిగా ఎన్నుకొనిరి.

అక్కడినుండి ఆ సైన్యము కొండజాతుల రాళ్ళదెబ్బలు తినుచు, ఆర్మీనియా మంచులో కాళ్ళు కొంకర్లుపోవుచు, ఉత్తరముగా నడచెను. మంచు తెలుపునకు కన్నులు చెడకుండ నల్లని వస్తువును కండ్లముందు పట్టుకొని నడచిరి. రాత్రులు చెప్పులు విప్పనివారికి తోలువారులు మాంసములో దిగబడెడివి. జెనోఫన్ వెనుక దళమును కాపాడుచు వచ్చెను. ఒకనాడు ముందున్నవారు ఒక కొండనెక్కి పెద్దగా కేకలు వేయగా, శత్రువులు పైబడిరని తలచి అతడు గుఱ్ఱమెక్కి పరుగెత్తెను. అవి సముద్రమును చూచిన సంతోషపు కేకలు! సేనానులు, బంట్లు అను భేదము లేక కౌగిలించుకొని ఏడ్చిరి. క్రీ.పూ. 400లో వారు నల్లసముద్ర తీరమునందలి ట్రెపిజస్ పట్టణము చేరిరి. ఈ కథనే అతడు తరువాత ‘అనాబసిస్’ అను గ్రంథముగా వ్రాసెను.

ఆ వెనుక జెనోఫన్ స్పార్టావారి కొలువున చేరెను. స్పార్టా రాజు అజెసిలాస్ అతనికి ప్రాణమిత్రుడు. క్రీ.పూ. 394లో కొరోనియా యుద్ధమున రాజు పక్షముననే యుండెను. ఎదుటి పక్షమున అతని ఊరివారైన ఏథెన్సు సైనికులుండిరి. ఇది అతని జీవితమునందలి గొప్ప మచ్చయని కొందరందురు. గురువును చంపిన ఊరిపై అతని మనసు విరిగెనని మరికొందరు సమర్థింతురు. ఏమైనను ఏథెన్సు అతనిని దేశమునుండి బహిష్కరించెను. శత్రువుల పంచ చేరినవానికి శత్రువులే ఆశ్రయమిచ్చిరి. ఒలింపియాకు రెండు మైళ్ళకు పైచిలుకు దూరమున స్కిల్లస్ అను పల్లెలో స్పార్టావారు అతనికి భూవసతి కల్పించిరి. భార్య ఫిలీసియాతోను, గ్రిల్లస్, డయొడోరస్ అను ఇద్దరు కుమారులతోను అతడు అక్కడ ఇంచుమించు ఇరువదేండ్లు కాపురముండెను.

యుద్ధములో దొరకిన ధనమున పదియవ పాలు దేవతలకు వేరుచేయబడియుండెను. అందు ఆర్టెమిస్ దేవి భాగమును జెనోఫన్ ఎఫెసస్ ఆలయాధికారి యొద్ద దాచి, తాను యుద్ధమునుండి బ్రతికి వచ్చినచో తనకీయవలెననియు, లేనిచో దేవికి ప్రీతియైన రీతిని వినియోగింపవలెననియు ఏర్పాటు చేసియుండెను. ఆర్టెమిస్ వేటకు అధిదేవత. ఆ అధికారి ఒలింపియా ఉత్సవమునకు వచ్చినపుడు ఆ సొమ్మును నమ్మకముగా తిరిగి యిచ్చెను. జెనోఫన్ దానితో దేవి పేర భూమి కొని, ఎఫెసస్ గుడిని పోలిన చిన్న గుడి కట్టించి, చుట్టును పండ్లతోట వేయించెను. ఎఫెసస్‌లో గుడి ప్రక్కన పారు ఏటికి సెలినస్ అని పేరు. స్కిల్లస్‌లో ఆ భూమినడుమ పారు ఏటికిని అదే పేరు. రెంటను చేపలును గుల్లలును కలవు. ఈ భూమి ననుభవించువారు ఏటేట పండిన పంటలో పదియవ వంతు దేవికి సమర్పింపవలెననియు, మిగిలినదానితో గుడి మరమ్మతు చేయింపవలెననియు ఒక శాసనము నాటించెను. మన దేవాదాయపు మాన్యముల షరతులెరిగినవారికి ఇది కొత్తగా తోచదు. ఏటేట జరుగు ఉత్సవమునకు చుట్టుపట్ల గ్రామములవారందరు, స్త్రీలు పురుషులు, వచ్చెడివారు. యవపిండి, రొట్టెలు, ద్రాక్షసారాయము, మాంసము దేవి పేర అందరికి పంచెడివారు. ఆ మాంసములో కొంత వేటలో దొరకినది. జెనోఫన్ కుమారులును, గ్రామ యువకులును, ఇష్టపడిన పెద్దలును కలిసి ఆ భూమిలోను, ఫొలోయీ కొండలలోను అడవిపందులను, జింకలను, దుప్పులను వేటాడెడివారు.

వేటను గూర్చి అతడు వ్రాసిన గ్రంథము పేరు ‘కినెగెటికస్’. అనగా కుక్కలతో వేటాడు విద్య. అందు సింహభాగము కుందేటి వేటయే. ఆ కాలపు గ్రీకులు కుందేటిని తుపాకితోను బాణముతోను కాక, కుక్కలు తరుమగా వలలో పడునట్లు చేసి పట్టెడివారు. వేటకాడు కాలినడకనే పోవలెను. వలలు సన్నని అవిసెనారతో అల్లినవి. సంచివల తొమ్మిది పోగులది, బాటకడ్డముగా కట్టునది పన్నెండు పోగులది, పొడవు వల పదహారు పోగులది. వల కాపరి ఇరువదేండ్ల వయసువాడు, చురుకైనవాడు, బలము గలవాడు కావలెను. అతడు ముందుగా పోయి, కుందేలు పరుగెత్తు ఇరుకు దారులలోను వాలులలోను పంగలకఱ్ఱలపై వలలు నిలిపి, చప్పుడు చేయక కాచుకొనియుండును. వెనుక వేటకాడు పట్టెడలు వేసిన కుక్కలను తీసికొని వచ్చి, దొరకిన దానిలో పాలు అపోలోకును ఆర్టెమిస్‌కును మ్రొక్కుకొని, జాడ తీయుటలో మిన్నయైన కుక్కను మొదట విడుచును. అది పసిగట్టిన పిమ్మట, వెంటవెంటనే కాక కొంత యెడమిచ్చి తక్కినవానిని ఒక్కొక్కటిగా విడుచును.

వాసన నిలుచు తీరును అతడు రైతు మేఘమును చూచినట్లు చూచెను. శీతకాలమున మంచు గడ్డకట్టినపుడు జాడ దానిలో బిగిసిపోవును; ఎండపొడ తగిలినగాని కుక్క ముక్కునకు అందదు. పెద్దవాన జాడను కడిగివేయును. వసంతమున పూలవాసన దానిలో కలిసి కుక్కను తికమకపెట్టును. వేసవిలో మాడిన నేల వాసనను పట్టదు. పంటలు ఇంటికి చేరి, కలుపు ఎండిన శరత్కాలమే మేలు. నిండు వెన్నెల రాత్రులలో కుందేళ్ళు ఒకదానితో నొకటి ఆడుకొనుచు పైకెగిరి దూరదూరముగా గంతులు వేయును గనుక జాడ తెగిపోవును. చెవులపిల్లి వెనుకకాళ్ళు పొడవైనవి గనుక అది ఎగువకు పరుగెత్తుటలో గట్టిది. తరిమినపుడు అది చుట్టు తిరిగి లేచినచోటికే వచ్చును. ఇవన్నియు కొండలపై తిరిగినవాడు వ్రాసిన మాటలు.

కుక్కల విషయమున అతని చూపు మరింత నిశితము. జాడ దొరకినపుడు మంచి కుక్క తోకను, చెవులను ఆడించుచు, ఒకసారి వేటకాని వైపు, ఒకసారి కుందేలు పొంచిన పొద వైపు చూచునట. చెడ్డ కుక్కల గుణములు చదివినచో మనుష్యుల జాబితాయా యనిపించును. కొన్ని జాడ లేకున్నను ఉన్నట్లు నటించి తోడి కుక్కలను మోసగించును. కొన్ని బాట దొరకగానే దానివెంట పడి ఎవరి మాటయు వినవు. పిల్లలకు మొదటి యేడు పాలు పెట్టవలెననియు, ఆడుకుక్కను ఎనిమిదవ నెలను, మగదానిని పదియవ నెలను వేటకు అలవరుపవలెననియు, పేరు పిలుచుటకు వీలుగా పొట్టిగా నుండవలెననియు నియమించి నలువదియేడు పేర్లు వ్రాసియిచ్చెను. సైకీ అనగా ప్రాణము. ఫైలాక్స్ అనగా కావలివాడు. ఖారా అనగా సంతోషము. హోర్మీ అనగా దూకుడు. జింకపిల్లల వేటకును, పంది వేటకును బలములోను వేగములోను మిన్నయైన భారతదేశపు కుక్కలను వాడుమని అతడు చెప్పుట మనము గమనింపదగినది. మన దేశపు జాగిలముల కీర్తి క్రీస్తుకు నాలుగు వందల యేండ్ల ముందే గ్రీసుదేశమునకు చేరియుండెను. పక్కుమని నవ్వించు పొరపాట్లును లేకపోలేదు. ఒక జాతి కుక్కలు నక్కలకు పుట్టినవని అతడు నమ్మెను. నేటి శాస్త్రము దానినంగీకరింపదు.

వేటకును అతడు హద్దులు పెట్టెను. పైరున్న పొలములను త్రొక్కరాదు. ఏరులను, చెలమలను చెరుపరాదు. మరీ చిన్న కుందేటి కూనలను దేవికి విడిచిపెట్టవలెను. పంటచేలలో పడి ఒకని కష్టమును నాశనము చేయు వేటగాడు అతని దృష్టిలో వేటగాడే కాడు.

ఇట్టివానిని మహనీయుడనుట న్యాయమా అని పాఠకులలో కొందరడుగవచ్చును. మన ధర్మశాస్త్రములు వేటను రాజుల వ్యసనములలో చేర్చినవి. దశరథునకు పుత్రశోకమును, పాండురాజునకు శాపమును తెచ్చినది వేటయే. అయినను శాకుంతలమున సేనాపతి నోట కాళిదాసు వేటను మెచ్చించినాడు. తిన్నని వేటను ధూర్జటి ముచ్చటగా వర్ణించినాడు. జెనోఫన్ వాదము సేనాపతి వాదమునకు దగ్గరిది. వేట దేహమునకు ఆరోగ్యమును, కంటికి చెవికి చురుకుదనమును ఇచ్చును; తెల్లవారుజామున లేచుట, చలికి వెరవకుండుట, తోడివానిని నమ్ముట నేర్పును. మాటల గారడితో యువకులను మోసగించి ధనము గడించు ఉపాధ్యాయులకంటె, అడవిమృగముతో తప్ప ఎవరితోను వైరము లేని వేటగాడు మేలని అతడు గ్రంథాంతమున గట్టిగా వ్రాసెను. ఆ మాటల వెనుక సోక్రటీసు శిష్యుడు నిలిచియున్నాడు. నేడు మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి కుందేటిని వేటాడుట నేరము, అది మంచిదే. అడవులు తరిగిన ఈ కాలమున జెనోఫన్ నుండి మనము గ్రహింపవలసినది వేట కాదు. మన చుట్టునున్న నేలను, ప్రాణిని, ఋతువును అంత శ్రద్ధగా చూచుట.

స్కిల్లస్ జీవితము కలకాలము నిలువలేదు. క్రీ.పూ. 371లో లూక్ట్రా యుద్ధమున స్పార్టా ఓడిపోగా, ఎలిస్ రాజ్యమువారు వచ్చి ఆ భూమిని ఆక్రమించుకొనిరి. తోట, గుడి, వేటకొండలు విడిచి జెనోఫన్ కుటుంబముతో కొరింతు చేరెను. తరువాత ఏథెన్సు అతనిపై బహిష్కారమును తొలగించెను. తనను వెలివేసిన ఊరిపై పగ పెట్టుకొనక, అతడు తన కుమారులిద్దరిని ఏథెన్సు పక్షమున పోరాడుటకు పంపెను. క్రీ.పూ. 362లో మాంటినియా యొద్ద జరిగిన అశ్వదళపు పోరున పెద్దకుమారుడు గ్రిల్లస్, స్కిల్లస్ కొండలలో తండ్రివెంట వేట నేర్చినవాడు, మరణించెను. ఆ వార్త వచ్చినపుడు జెనోఫన్ తలపై పూలదండ ధరించి దేవపూజ చేయుచుండెనట. దండ తీసివేసెను. కొడుకు వీరుడై పడెనని తెలిసిన పిమ్మట దానిని మరల ధరించి, తాను కన్నది మర్త్యునేనని తనకు ముందే తెలియునని మాత్రము చెప్పి, పూజ పూర్తిచేసెనట. ఆ బాలుడు పుట్టినపుడు పెట్టినది తాతగారి పేరు. ఆ పేరు అట్లు ముగిసెను.

జెనోఫన్ క్రీ.పూ. 354 ప్రాంతమున గతించెను. అయిదు వందల యేండ్ల తరువాత పౌసనియాస్ అను యాత్రికుడు స్కిల్లస్‌కు పోగా, గుడికి దగ్గరలో చలువరాతి విగ్రహముగల ఒక సమాధిని చూపి, అది జెనోఫన్‌దని ఇరుగుపొరుగువారు చెప్పిరట. ఆ కాలముననే ఆరియన్ అను గ్రంథకర్త తన్ను తాను రెండవ జెనోఫన్‌నని చెప్పుకొని, గురువు చూడని కెల్టు జాతి పరుగుకుక్కలను గూర్చి అనుబంధముగా మరియొక వేటగ్రంథము వ్రాసెను. భారతదేశమును గూర్చి ‘ఇండికా’ వ్రాసినది ఈ ఆరియనే.

భూమి చేతులు మారెను, గుడి కూలెను, శాసనపు షరతును చెల్లించువారు లేకపోయిరి. ఊరులేనివాడై వ్రాసిన పుస్తకము మాత్రము రెండువేల మూడు వందల యేండ్లు దాటి మిగిలెను. ఒక్కొక్క కాలమున ఎవడో యొకడు దానిని చదివి, ఎత్తి వ్రాసి, భద్రపరచుటచేతనే అది మిగిలినది. మన పల్లెలోని ఈ చిన్న గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా చేయుచున్న పనియు అదియే. చందాదారులారా, పుస్తకమును తీసికొనిపోయి చదివి, చిరుగక తిరిగి తెచ్చి యిచ్చు ప్రతివాడును ఆ పనిలో పాలివాడే.