నల్లగుడ్డ కింద ఇంజనీరు: రాజా దీన్ దయాళ్

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. కానీ అబిడ్స్ అనేది ఒక మనిషి పేరని తెలిసినవాళ్లు తక్కువే. ఆల్బర్ట్ అబిడ్ అని ఒక ఆర్మేనియన్ యూదుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆంతరంగిక సేవకుడిగా ఉండేవాడు. ఆయన ఇక్కడ పెట్టిన షాపు పేరే ఏరియా పేరైంది. అదే నిజాం కొలువులో ఇంకో మనిషి కూడా ఉండేవాడు. ఆయన పేరు అబిడ్స్‌లా రోజూ మన నోట్లో నానదు. కానీ ఆ కాలపు హైదరాబాద్ ఎలా ఉండేదో ఇవాళ మన కళ్లకి కనిపిస్తోందంటే అది చాలావరకు ఆయన చలవే. పైగా ఆయన మనలాగే ఇంజనీరింగ్ చదివినవాడు. ఆయనే రాజా దీన్ దయాళ్.

1844లో మీరట్ దగ్గర సర్ధానాలో, ఒక జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాడు. ఇప్పుడు మనం ఐఐటీ రూర్కీ అంటున్నది దాన్నే. 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. అంటే కట్టబోయేదాన్ని కాగితం మీద గీయడం, ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టడం. స్థిరమైన సర్కారీ కొలువు.

ముప్పై ఏళ్ల వయసులో, 1874 ప్రాంతంలో, ఆయన చేతికి కెమెరా వచ్చింది. బ్రిటిష్ అధికారి సర్ హెన్రీ డాలీ, ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ ప్రోత్సహించారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ అంతా తిరిగి కోటల్ని, గుళ్లని ఫోటోలు తీశాడు. మధ్య భారతపు కట్టడాల మీద గ్రిఫిన్ 1886లో వేసిన పుస్తకంలో ఉన్న ఫోటోలు ఈయనవే. ముందు ఉద్యోగానికి దీర్ఘకాలం సెలవు పెట్టాడు, తర్వాత పూర్తిగా మానేశాడు.

ఇలాంటి కథని మనవాళ్లు ఒకే రకంగా చెబుతారు: ఇంజనీరింగ్ వదిలేసి ప్యాషన్ వెంట వెళ్లాడు అని. అందులో సగమే నిజం. ఉద్యోగం వదిలాడు, అంతే. ఆ కాలపు కెమెరా ఎలా పనిచేసేదో చూస్తే ఆయన ఇంజనీరింగ్ ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

ముందు లెన్స్, వెనక ఒక గరుకు గాజు, రెంటి మధ్య మడతల తోలు సంచి. కెమెరా అంటే ఇంతే. ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డ కప్పుకుని ఆ గాజు మీద పడే బొమ్మని చూస్తాడు. బొమ్మ తలకిందులుగా ఉంటుంది, కుడి ఎడమలు కూడా మారిపోతాయి. ఫోకస్ కుదిరాక గాజు స్థానంలోకి మందు పూసిన ప్లేటు వస్తుంది. ఆ క్షణం నుంచి ఆయనకి ఏమీ కనిపించదు. అంతకుముందు గాజు మీద చూసిందాన్నే నమ్ముకోవాలి.

ఫోకస్ ఎంత ఖచ్చితంగా ఉండాలి? ఎపర్చర్ నంబరుని, కన్ను ఓర్చుకోగల మసక చుక్క వ్యాసంతో గుణిస్తే చాలు. ఎఫ్/8 దగ్గర, 0.1 మి.మీ. చుక్కకి, అటూ ఇటూ 0.8 మి.మీ. మాత్రమే వెసులుబాటు. ఎపర్చర్‌ని ఎఫ్/32కి తగ్గిస్తే అది 3.2 మి.మీ. అవుతుంది గానీ వెలుతురు 16 వంతుల్లో ఒక వంతే మిగులుతుంది, గాజు మీద బొమ్మ సరిగ్గా కనపడదు. అందుకని ఎపర్చర్ పెద్దదిగా ఉంచి ఫోకస్ చేయాలి, తర్వాత తగ్గించాలి. ఫోకస్ చేసేటప్పుడు వట్టి కన్ను చాలదు, భూతద్దం కావాలి.

ఎలాంటి భూతద్దం? ఎంత పెద్దగా చూపిస్తే అంత మంచిదే కదా అనుకుంటాం. కాదు. గాజుకి గరుకుతనం ఉంది. 10 రెట్లు పెద్దది చేస్తే బొమ్మ కంటే ముందు ఆ రేణువులే కనిపిస్తాయి, బొమ్మ ముక్కలైపోతుంది. 4 నుంచి 7 రెట్ల మధ్య ఉన్నది ఎక్కువ పనులకి సరిపోతుంది. ఇంకో లెక్క కూడా ఉంది. 250ని రెట్లతో భాగిస్తే భూతద్దం ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లలో సుమారుగా వస్తుంది. 4 రెట్లకి 62 మి.మీ., 10 రెట్లకి 25 మి.మీ. అంటే రెట్లు పెరిగేకొద్దీ ముక్కు గాజుకి తగిలేంత దగ్గరికి వెళ్లాలి, ఒకేసారి కనిపించే జాగా కూడా తగ్గిపోతుంది.

రెండో విషయం దీనికంటే ముఖ్యం. గాజుకి గరుకు వైపు లెన్స్ వైపు ఉంటుంది, మనం భూతద్దం పెట్టేది నున్నటి వైపు. మధ్యలో గాజు మందం ఉంది. కాబట్టి భూతద్దం గాజు పైతలాన్ని కాదు, లోపలి గరుకు తలాన్ని స్పష్టంగా చూపాలి. గరుకు వైపు పెన్సిల్‌తో సన్నటి గీత గీసి, అది స్పష్టంగా కనిపించేదాకా భూతద్దాన్ని సరిచేసుకోవాలి. ఒకరి కళ్లకి సరిచేసింది ఇంకొకరికి పనికిరాకపోవచ్చు. అందుకే కదిలించి బిగించగల భూతద్దమే కొనాలి. మూలల్లో వెలుతురు ఏటవాలుగా వస్తుంది కాబట్టి అక్కడ భూతద్దాన్ని కొంచెం వంచి చూడాలి, దానికి అడుగుభాగం సన్నగా ఉంటే మేలు. ఇవాళ ఫిల్మ్ మీద పెద్ద కెమెరా వాడేవాళ్లు ఎవరున్నా ఈ సూత్రాలే పాటించాలి.

ఇప్పుడు చెప్పండి, ఇది ఇంజనీరింగ్ కాదా? కొలవడం, సరిచూడడం, ఎంత తేడా వరకు చెల్లుతుందో తెలుసుకోవడం, మళ్లీ సరిచూడడం. ఎస్టిమేటర్ చేసేది ఇదే. దీన్ దయాళ్ తన చదువుని నల్లగుడ్డ కిందికి తీసుకెళ్లాడు.

1886లో ఆయన సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. నాంపల్లి స్టేషన్ అప్పటికి లేదు, అది 1907లో వచ్చింది. రైలు 1874 నుంచి సికింద్రాబాద్‌కి వస్తోంది, కంటోన్మెంట్ కూడా అక్కడే. నిజాం ఆయన్ని ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకున్నాడు. దర్బార్లు, వేటలు, విందులు, సైన్యం, ఫలక్‌నుమా, చార్మినార్ అన్నీ ఆయన ప్లేట్ల మీదికి ఎక్కాయి. ఈ పని బరువు కూడా తక్కువేం కాదు. 10×12 అంగుళాల గాజు ప్లేటు 2 మి.మీ. మందం ఉందనుకుంటే ఒక్కోటి దాదాపు 390 గ్రాములు. డజను ప్లేట్లు అంటే నాలుగున్నర కిలోల పైనే, అదీ కెమెరా, స్టాండు కాకుండా.

1892లో ఆయన హైదరాబాద్‌లో జెనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం కట్టిన స్టూడియో అది. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల ఫోటోలు తీసేది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడ. మగవాడి ముందు కూర్చోని ఇంటి ఆడవాళ్లకి కూడా తమ ముఖం కాగితం మీద చూసుకునే వీలు అలా దొరికింది.

1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫోటోలకి గుర్తింపు దక్కింది. 1894లో నిజాం రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1897లో విక్టోరియా రాణి ఫోటోగ్రాఫర్ అన్న హోదా కూడా వచ్చింది. బొంబాయిలో ఇంకో స్టూడియో నడిచింది. నిజాం రాజ్యంలో కరువు రోజుల్లో జరిగిన సహాయ పనుల్ని కూడా ఆయన సంస్థ ఫోటోలు తీసింది. 1904లో కొడుకు ధరంచంద్ పోయాడు. మరుసటి ఏడాది, 1905 జులైలో, దీన్ దయాళ్ కన్నుమూశాడు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కూడా పోయాడు.

ఆయన సంస్థ గాజు నెగెటివ్‌లు 2,857 మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం వాటిని కొని దాచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరు మీద స్టాంపు విడుదల చేసింది.

ఒక్క ఫోటో గురించి చెప్పి ముగిస్తాను. అబిడ్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో బషీర్‌బాగ్ ఉంది. మనకి అది సిగ్నల్, ఫ్లైఓవర్, బస్టాప్. అప్పుడది ప్రధానిగా చేసిన సర్ ఆస్మాన్ జా ప్యాలెస్. దాన్ని దీన్ దయాళ్ ఫోటో తీశాడు. ఆ తర్వాత ప్యాలెస్‌ని కూల్చేశారు, పేరొక్కటే మిగిలింది. ఇప్పుడు ఆ కట్టడం గురించి ఏం తెలుసుకోవాలన్నా అలాంటి ప్లేట్లనే చూడాలి. ఏ స్తంభం స్పష్టంగా ఉందో, ఏ కిటికీ మసకబారిందో అక్కడే తేలిపోయింది. ప్యాలెస్ లేదు కాబట్టి మళ్లీ వెళ్లి సరిచేసి తీసుకునే అవకాశం ఎవరికీ లేదు. నల్లగుడ్డ కింద తలకిందుల బొమ్మని చూస్తూ, ఇక ప్లేటు పెట్టొచ్చు అని ఆయన ఎప్పుడు అనుకున్నాడో, అంతవరకే మనకి దక్కింది.