రెండు ఆసియా గోల్డ్‌లు.. ఇద్దరు కెప్టెన్లు.. ఒక్కడే కోచ్! హైదరాబాదీ స్కూల్ టీచర్ రహీమ్ సాబ్ కథ ఇదీ..

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియా ఇప్పటిదాకా గోల్డ్ మెడల్ గెలిచింది రెండే రెండుసార్లు. ఒకటి 1951లో ఢిల్లీలో, రెండోది 1962లో జకార్తాలో. మొదటిసారి కెప్టెన్ శైలేన్ మన్నా, రెండోసారి చునీ గోస్వామి. మధ్య పదకొండేళ్లలో టీమ్ మొత్తం మారిపోయింది. మారనిది కోచ్ ఒక్కరే. ఆయన మన హైదరాబాద్ వాడే. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆటగాళ్లంతా రహీమ్ సాబ్ అనేవారు.

2024లో అజయ్ దేవ్‌గణ్ హీరోగా వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. ఆ సినిమా రాకముందు ఆయన ఎవరో హైదరాబాద్‌లోనే చాలామందికి తెలియదంటే అతిశయోక్తి కాదు. సినిమా అన్నాక కొంత మసాలా ఉంటుంది. అసలు జీవితంలో మసాలా అక్కర్లేనంత కథ ఉంది.

బ్లాక్‌బోర్డు దగ్గర మొదలైంది

రహీమ్ 1909 ఆగస్టు 17న పుట్టారు. అప్పటికి హైదరాబాద్ నిజాం సంస్థానం. ఉస్మానియా యూనివర్సిటీలో డిగ్రీ చదివారు, అక్కడి ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడారు. చదువయ్యాక చేసిన ఉద్యోగం మాత్రం పంతులు గిరీ. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్.. ఇలా సిటీలోని స్కూళ్లలో పాఠాలు చెప్పారు. తర్వాత ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి, స్కూల్లో ఆటల బాధ్యతలు కూడా చూసుకున్నారు. సాయంత్రాలు లోకల్ క్లబ్‌ల తరఫున ఆడేవారు.

పంతులు ఉద్యోగం వదిలేశాక కూడా ఆయనలోని పంతులు ఎక్కడికీ పోలేదు. ఎవరికి ఏది ఎలా చెబితే బుర్రకెక్కుతుందో కనిపెట్టడం, తప్పు చేసినవాణ్ని నలుగురిలో తిట్టకుండా పక్కకు పిలిచి సరిదిద్దడం, ఎంత పెద్ద విషయమైనా నాలుగు ముక్కల్లో చెప్పడం. ఇవన్నీ క్లాస్‌రూమ్‌లో అబ్బిన విద్యలే. ఆ రోజుల్లో మోటివేషనల్ స్పీకర్ అనే మాట లేదు. ఉండి ఉంటే ఆ లిస్టులో మొదటి పేరు ఈయనదే అయ్యేది.

1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు.

ఎడమ కాలితో ఆడండి.. టోర్నమెంట్ మొత్తం!

సెక్రటరీ అయ్యాక రహీమ్ చేసిన పని వింటే ఇప్పటి అకాడమీల వాళ్లు కూడా ఆశ్చర్యపోతారు. అప్పట్లో మన కుర్రాళ్లకు బంతి దొరికితే చాలు, నలుగురిని తప్పించి చూపించాలన్న సరదా. పక్కనోడికి పాస్ ఇవ్వాలంటే ప్రాణం పోయినట్టుండేది. దీనికి మందుగా ఆయన డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టారు. బంతి వచ్చిందా, వెంటనే పాస్ చేయాల్సిందే. సోకులకు చాన్స్ లేదు.

మరో టోర్నమెంట్‌లో ఇంకా విచిత్రమైన రూల్. బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో. చూసేవాళ్లకు నవ్వు రావచ్చు. కానీ ఇలాంటి పోటీల్లో ఆడిన కుర్రాడు పెద్ద మ్యాచ్‌లో ఏ కాలి మీదకు బంతి వచ్చినా తడబడడు. చెడ్డ అలవాటు మాన్పించడానికి లెక్చర్ ఇవ్వడం కంటే, ఆ అలవాటు పనికిరాని ఆట పెట్టడం మంచిదని ఆయనకు తెలుసు. పక్కా టీచర్ తెలివి!

ఫలితం చూడండి. 1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ కోచ్ అయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు ఆ టీమే ఎగరేసుకుపోయింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాదే అనుకునే రోజుల్లో, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి క్లబ్‌లకు చెమటలు పట్టించిన టీమ్ ఇది. హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956, 1957 సీజన్లలో సంతోష్ ట్రోఫీ కూడా వరుసగా రెండుసార్లు గెలిచింది.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో ఓ పేదింటి కుర్రాడు ఉండేవాడు. పేరు తులసీదాస్ బలరామ్. అతని ఆట చూసిన రహీమ్ క్యాంప్‌కు రమ్మన్నారు. రోజూ సిటీ దాకా రావడానికి డబ్బుల్లేవని కుర్రాడు వెనకాడితే, సైకిల్ అద్దెకు డబ్బులు ఆయనే ఇచ్చేవారని పాత ఫుట్‌బాల్ జనం చెప్పుకుంటారు. ఆ బలరామ్ 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడాడు. చునీ, పీకే, బలరామ్ అని దేశమంతా ఒక్క గుక్కలో చెప్పుకున్న ముగ్గురిలో ఒకడయ్యాడు.

పది గోల్స్ దెబ్బ.. నాలుగేళ్లకే సెమీస్

1951 ఆసియా క్రీడల ఫైనల్లో మేవాలాల్ కొట్టిన గోల్‌తో ఇండియా 1-0 తేడాతో ఇరాన్‌ను ఓడించింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. ప్రధాని నెహ్రూ స్వయంగా మ్యాచ్‌కు వచ్చారు. ఇంకేముంది, సంబరాలే సంబరాలు.

ఏడాది తిరిగేసరికి సీన్ రివర్స్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యాం. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడారు. ఆ చలి దేశంలో, బూట్లు వేసుకున్న యూరప్ ఆటగాళ్ల ముందు అది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ దెబ్బ తర్వాతే ఇండియాలో బూట్లు తప్పనిసరి చేశారు.

అంత ఘోరంగా ఓడాక ఇంకో కోచ్ అయితే తప్పు అందరి మీదా వేసేవాడేమో. రహీమ్ ఆ సైడు పోలేదు. యూరప్ టీమ్‌లు ఎలా ఆడుతున్నాయో చూసి వచ్చి, టీమ్‌ను మళ్లీ మొదటి నుంచి కట్టారు. ఫార్మేషన్ల విషయంలో ఆయన కాలానికి ముందున్నారని చెబుతారు. బ్రెజిల్ పుణ్యమా అని 4-2-4 పద్ధతి ప్రపంచానికి తెలియకముందే ఆయన దాన్ని ఇక్కడ ట్రై చేశారన్న మాట కూడా ఉంది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండ్ ప్రత్యర్థి హంగరీ రాకపోవడంతో ఇండియాకు వాకోవర్ దొరికింది. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను, వాళ్ల జనం ముందే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా దేశం ఇండియానే! సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి ముందు గోల్ కొట్టింది మనమే, డిసౌజానే. కాసేపు స్టేడియం అంతా నోరెళ్లబెట్టింది. తర్వాత వాళ్లు తేరుకుని 4-1తో గెలిచారు. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాం. ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ అంతకంటే పైకి ఎప్పుడూ వెళ్లలేదు.

1960 రోమ్‌లో గ్రూప్ దాటలేదు. కానీ హంగరీతో 2-1 దాకా పోరాడి ఓడారు, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశారు. ఫ్రాన్స్ మీద గోల్ కొట్టింది పీకే బెనర్జీ, హంగరీ మీద కొట్టింది మన బలరామ్.

జకార్తా: స్టేడియం మొత్తం ఎదురు తిరిగిన రోజు

ఇక 1962. అప్పటికే రహీమ్ సాబ్ ఆరోగ్యం దెబ్బతింది. సిగరెట్ల అలవాటు ఎక్కువ. లోపల క్యాన్సర్ తినేస్తోంది. అలాంటి ఒంటితోనే టీమ్‌ను జకార్తా తీసుకెళ్లారు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచారు కానీ, ఆ మ్యాచ్‌లో డిఫెన్స్‌కు వెన్నెముక లాంటి జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ తలతో డిఫెన్స్‌లో హెడర్లు ఆడటం కష్టం. సరే, బెంచీ మీద కూర్చోబెట్టాలి కదా? రహీమ్ అలా చేయలేదు. డిఫెండర్‌ను తీసుకెళ్లి ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు! విన్నవాళ్లు పిచ్చి నిర్ణయం అనుకొని ఉంటారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచి టీమ్ ఫైనల్‌కు చేరింది. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా.

గ్రౌండ్ బయట పరిస్థితి ఇంకా దారుణం. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు ఇండోనేషియా ప్రభుత్వం వీసాలు ఇవ్వలేదు. దీన్ని భారత్‌కు చెందిన ఒలింపిక్ అధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టారు. దాంతో జకార్తాలో భారత్‌పై కోపం కట్టలు తెంచుకుంది. ఫైనల్ ముందు రోజు జనం ఏకంగా భారత ఎంబసీపైనే దాడి చేశారు. ఆటగాళ్లు బయటికి రావాలంటేనే భయపడే పరిస్థితి. ఆటకు, వీసాలకు సంబంధం లేదని ఆ గుంపుకు ఎవరు చెబుతారు?

అలాంటి సమయంలో రహీమ్ సాబ్ టీమ్‌ను కూర్చోబెట్టి మాట్లాడారు. పెద్ద స్పీచ్ ఏమీ కాదు. వ్యూహాలు, ఫార్మేషన్లు అప్పటికే చెప్పేశారు. ఆ రోజు ఆయన తన కోసం ఒకటి అడిగారు. రేపటి గోల్డ్ మెడల్‌ను తనకు బహుమతిగా ఇమ్మన్నారు. అంతే. పదేళ్లకు పైగా ఎవరినీ ఏమీ అడగని మనిషి అలా చేయి చాపితే కుర్రాళ్లకు ఎలా ఉంటుంది? ఆ మాటను చునీ గోస్వామి, పీకే బెనర్జీ ముసలితనంలో కూడా మర్చిపోలేదు.

సెప్టెంబర్ 4, 1962. సుమారు లక్ష మంది జనం. మనవాళ్లు బంతి ముట్టుకుంటే చాలు, గోల గోల. ఆ మొత్తం స్టేడియంలో ఇండియాకు చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని మన ఆటగాళ్లే తర్వాత చెప్పారు. నమ్మడం కష్టమే కదూ!

17వ నిమిషంలో పీకే గోల్. 20వ నిమిషంలో రెండో గోల్.. కొట్టింది ఎవరో తెలుసా? తలకు కుట్లతో ఫార్వర్డ్‌గా ఆడుతున్న జర్నైల్ సింగ్! ఫ్లూతో బాధపడుతూనే గోల్‌పోస్ట్ దగ్గర నిలబడ్డ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవాడే. చివర్లో కొరియా ఒక గోల్ కొట్టినా లాభం లేకపోయింది. 2-1. అడిగిన బహుమతి రహీమ్ సాబ్ చేతికి వచ్చింది.

తొమ్మిది నెలలకే..

ఆ ఆనందం ఎంతో కాలం నిలవలేదు. హైదరాబాద్ తిరిగొచ్చాక జబ్బు ముదిరి మంచాన పడ్డారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. వయసు 53. మంచి కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు.

ఆయన పోయాక హైదరాబాద్ ఫుట్‌బాల్ ఒక్కసారిగా కూలిపోలేదు. మెల్లమెల్లగా చల్లబడింది. ఆయన కట్టిన బలంతో పోలీస్ టీమ్ ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చింది. ఆ తర్వాత సిటీలో కుర్రాళ్ల చేతుల్లోకి క్రికెట్ బ్యాట్ వచ్చేసింది. ఒకప్పుడు ఒలింపిక్ టీమ్‌కు వరుసపెట్టి ఆటగాళ్లను పంపిన ఊరు ఇది. ఇప్పుడు నేషనల్ టీమ్‌లో ఒక్క హైదరాబాదీ కనిపించినా అదే వార్త.

రహీమ్ సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. తండ్రి కోచ్, కొడుకు రిజర్వ్ ఆటగాడు. అయినా ఆ టోర్నీలో కొడుక్కు ఒక్క మ్యాచ్ కూడా ఆడే చాన్స్ దొరకలేదు. ఆ తండ్రి ఎలాంటి మనిషో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? హకీమ్ తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు, 2021 ఆగస్టులో మరణించారు. బలరామ్ 2023 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు.

పీకే బెనర్జీ కోచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూమ్ మాటలతోనే టీమ్‌లను ఉరికించారని కలకత్తాలో పెద్ద పేరు. ఆ మాటల మందుకు అక్కడివాళ్లు వోకల్ టానిక్ అని ముద్దుపేరు కూడా పెట్టారు. ఆ విద్య ఆయనకు రహీమ్ సాబ్ దగ్గర అబ్బిందే. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఇండియా కాంస్యం గెలిచినప్పుడు కోచింగ్ బాధ్యతల్లో ఉన్నది పీకేనే. ఆ టీమ్ కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. ఆయనదీ హైదరాబాదే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు వచ్చిన చివరి మెడల్ అదే.