తరంగాలను కొలిచిన హెర్ట్జ్

వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ వెలువరించే సంకేతాన్ని నేడు స్పెక్ట్రమ్ అనలైజర్‌తో పరీక్షిస్తాము. ఏ పౌనఃపున్యం వద్ద ఎంత శక్తి ఉన్నదో దాని తెర మీద రేఖారూపంలో కనిపిస్తుంది. ఆ పౌనఃపున్యానికి ప్రమాణం హెర్ట్జ్. ఆ నామం ధరించిన మహనీయుని జీవితాన్ని ఒకసారి స్మరించుకొందాము.

హైన్రిష్ హెర్ట్జ్ 1857 ఫిబ్రవరి 22న జర్మనీలోని హాంబర్గ్ నగరంలో జన్మించారు. తండ్రి న్యాయవాది. బాల్యం నుండే ఆయనకు వడ్రంగంలోను, లేత్ పనిలోను మక్కువ ఉండేది. బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్జ్ శిష్యులై 1880లో డాక్టరేట్ పొందారు. 1885లో కార్ల్స్‌రూహ్ సాంకేతిక విద్యాలయంలో ఆచార్యులయ్యారు.

విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని మాక్స్‌వెల్ గణితం ద్వారా సూచించారు గాని, ప్రయోగం ద్వారా నిరూపించినవారు లేరు. హెర్ట్జ్ రెండు లోహగోళాల నడుమ విద్యుత్ రవ్వలను పుట్టించి, కొంత దూరాన చిన్న ఎడముగల తీగవలయాన్ని ఉంచారు. ఆ ఎడములోను సన్నని రవ్వ మెరిసింది! చీకటిగదిలో ఆ రవ్వ పొడవే తరంగబలానికి కొలమానమయింది. 1888లో గోడకు జింకు రేకు బిగించి తరంగాలను పరావర్తనం చెందించారు. రవ్వ హెచ్చే తావులను, తగ్గే తావులను గుర్తించి తరంగదైర్ఘ్యాన్ని నిర్ణయించారు.

ఇక్కడొక చిక్కు ఎదురయింది. తీగ వెంట సాగే తరంగానికీ, గాలిలో సాగే తరంగానికీ వేగం సమానమని మాక్స్‌వెల్ సిద్ధాంతం. హెర్ట్జ్ కొలతలో తీగ వెంట వేగం తక్కువగా వచ్చింది. తాము విశ్వసించిన సిద్ధాంతానికి ప్రతికూలమైనా ఆయన ఆ ఫలితాన్ని దాచలేదు, ఉన్నదున్నట్లు ప్రకటించారు. ఆయన గణనలోని ఒక దోషాన్ని పొయన్‌కారే చూపగా నిస్సంకోచంగా అంగీకరించారు. 1892లో తమ వ్యాసాలను గ్రంథరూపంలో వెలువరించినపుడు పొరపాట్లను తొలగించక, వివరణలు జతపరిచారు. 1893లో జెనీవాలో సరజాఁ, దె లా రీవ్ అనే శాస్త్రజ్ఞులు విశాలమైన మందిరంలో కొలువగా రెండు వేగాలూ సమానమని తేలింది. హెర్ట్జ్ ప్రయోగం చేసిన గది ఇరుకు. గోడల పరావర్తనమే కొలతను తారుమారు చేసినది.

నేటికీ అదే జాగ్రత్త అవసరం. అందుచేతనే తరంగాలను పీల్చుకొనే గోడలు గల గదులలో ట్రాన్స్‌మిటర్లను పరీక్షిస్తున్నారు.

1889 నుండి బాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెర్ట్జ్ 1894 జనవరి 1న, 36 ఏండ్ల ప్రాయంలోనే కన్నుమూశారు. 1930లో ఆయన పేరు ప్రమాణానికి పెట్టబడింది. ప్రయోగశాలలో ఆశించిన విలువ రానపుడు అంకెలను దిద్దుకొనే ప్రలోభం విద్యార్థులమైన మనకు కలుగుతుంది. ఆ క్షణాన మనం తలచుకోవలసినది ఈ మహనీయునే.