రగ్బీ బడి హెడ్మాస్టరు థామస్ ఆర్నాల్డ్

రగ్బీ అనగానే ఆటలవాళ్ళకి కోడిగుడ్డు ఆకారపు బంతి గుర్తుకొస్తుంది. నిజానికి అది ఒక ఊరి పేరు. ఇంగ్లండు నడిమధ్యన వార్విక్‌షైరులో వుంది. ఆ ఊళ్ళో పుట్టి, లండను చేరి, పచారీ వ్యాపారంలో నాలుగు డబ్బులు కూడబెట్టిన లారెన్స్ షెరిఫ్ అనే ఆయన తన ఊరి మగపిల్లలకీ, చుట్టుపక్కల పల్లెల పిల్లలకీ ఉచితంగా చదువు చెప్పించాలని 1567లో ఆస్తి రాసిపెట్టి పోయాడు. అట్లా మొదలైన బడి అది. దానికి దేశదేశాల్లో పేరు తెచ్చిన హెడ్మాస్టరు థామస్ ఆర్నాల్డ్. ఇంగ్లీషు సాహిత్యం చదివేవారికి బాగా తెలిసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్‌కి కన్నతండ్రి.

ఆయన రాకపూర్వం ఆ బడి ఎట్లా వుండేదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1797లో పిల్లలు హెడ్మాస్టరుతో తగవుపడి ఆయన గది తలుపును తుపాకిమందు పెట్టి పేల్చారు. బెంచీలూ పుస్తకాలూ మైదానంలో కుప్పవేసి తగలబెట్టారు. చివరికి సిపాయిలు రావలసివచ్చింది. పిల్లలు నీటికందకం మధ్యనున్న దిబ్బమీదికి పోయి నిలబడితే, సిపాయిలు వెనకవైపునుంచి నీళ్ళలో దిగి పట్టుకున్నారు. మన యూనియనువారు ఎన్ని సమ్మెలు చేసినా దీనిముందు దిగదుడుపే! ఒక్క రగ్బీయే కాదు, ఆనాటి పేరుమోసిన హాస్టలు బళ్ళన్నిటా ఇంచుమించు ఇదే వరస. పగలు మాస్టర్ల బెత్తం, రాత్రి పెద్దపిల్లల రాజ్యం. మధ్యన నలిగేది చిన్నవాళ్ళు.

ఆర్నాల్డ్ 1795 జూన్ 13న వైట్ ద్వీపంలో, కౌస్ అనే రేవులో జన్మించాడు. తండ్రి సుంకాల అధికారి. పిల్లవాడికి ఆరేళ్ళు నిండకముందే ఆయన కాలం చేశాడు. వించెస్టరు బడిలోనూ, ఆక్స్‌ఫర్డులోనూ చదువు. 1820లో వివాహం. థేమ్స్ నది ఒడ్డున లేల్‌హామ్ అనే పల్లెలో తొమ్మిదేళ్ళపాటు కొద్దిమంది కుర్రాళ్ళకి ప్రైవేటు చెప్పుకుంటూ, వాళ్ళతోపాటు ఏట్లో ఈదుతూ గడిపాడు. రగ్బీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు సిఫార్సు చేసినవారిలో ఒకాయన, ఈ మనిషిని తీసుకుంటే ఇంగ్లండు బళ్ళ రూపమే మారిపోతుందని ముందే రాశాడట. 1828 ఆగస్టులో ముప్ఫైమూడేళ్ళ వయస్సులో ఆర్నాల్డ్ ఆ కుర్చీలో కూర్చున్నాడు.

వచ్చీరావడంతోనే ఆయన కొత్త చట్టాలేవీ చెయ్యలేదు. వున్న వాటినే మలుపు తిప్పాడు. పై తరగతిని అక్కడ ఆరో ఫారం అంటారు. ఆ తరగతి పెద్దలకి చిన్నపిల్లలు చాకిరీ చెయ్యడం ఎప్పటినుంచో వున్న ఆచారం. బూట్లు తుడవాలి, రొట్టె కాల్చిపెట్టాలి, పిలిస్తే పరుగెత్తుకు రావాలి. ఆర్నాల్డ్ దాన్ని రద్దు చెయ్యలేదు. ఆ అధికారానికి బాధ్యతను ముడివేశాడు. ఆరో ఫారం పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, బడి పరువు మాస్టర్ల చేతుల్లో లేదు, మీ చేతుల్లో వుంది అన్నట్లు మసలాడు. వాళ్ళకి పాఠాలు తనే చెప్పాడు. తోటివారిని దండించే హక్కు కూడా వాళ్ళకిచ్చాడు. ఈ చివరిది నాకంతగా నచ్చదు. పద్ధెనిమిదేళ్ళవాడి చేతికి బెత్తమిస్తే ఏమవుతుందో హాస్టలు ఎరిగినవాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆయన అసలు బలం బెత్తం కాదు, నమ్మకం. పెద్దతరగతి పిల్లవాడు ఒకమాట చెబితే చాలు, ఆరా తియ్యకుండా నమ్మేవాడు. అంత నమ్మే మనిషికి అబద్ధం చెప్పడం సిగ్గుచేటన్న భావం కొన్నాళ్ళకు బడిలో పాకిపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళు నడిపే పూటకూళ్ళ ఇళ్ళవంటి వసతిగృహాలను క్రమంగా మాన్పించి, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క మాస్టరును పెద్దదిక్కుగా పెట్టాడు. వాళ్ళ జీతాలు పెంచాడు. అక్కణ్ణించే మా ఇల్లు, మా బడి అన్న అభిమానం గట్టిపడింది. ఆదివారంనాడు చాపెల్లో ఆయనిచ్చే చిన్న ఉపన్యాసానికి అల్లరి మూకలు కూడా చెవులప్పగించేవారట.

ఆ నమ్మకం ఒకసారి ఘోరంగా బెసికింది. 1830ల తొలిరోజుల్లో మార్చ్ అనే కుర్రవాడు, తనను అడిగిన భాగం తమకు చెప్పిన పాఠంలోనిది కాదన్నాడు. మాస్టరు అవునన్నాడు. ఆర్నాల్డ్ మాస్టరు మాట నమ్మి, పిల్లవాడు అబద్ధమాడాడని పద్ధెనిమిది దెబ్బలు కొట్టాడు. తీరా చూస్తే కుర్రవాడు చెప్పిందే నిజం. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆర్నాల్డ్ ఆ పిల్లవాడికీ, బడి అంతటికీ ఎదుట నిలబడి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఒక హెడ్మాస్టరు పిల్లవాడి ముందు తలవంచడం సామాన్యం కాదు. ఒంటిమీద పడ్డ దెబ్బలు మాత్రం తిరిగిరావు గదా.

చదువు సంగతికొస్తే, గ్రీకు, లాటిన్లతోపాటు లెక్కలకూ, ఆధునిక చరిత్రకూ, ఫ్రెంచికీ చోటిచ్చాడు. సైన్సుకు మాత్రం ఇవ్వలేదు. అది ప్రవేశిస్తే మనసంతా అదే ఆక్రమిస్తుందనీ, నీతీ మతమూ వెనకబడతాయనీ ఆయన భయం. 1831లో ఫారడే లండనులో అయస్కాంతంతో విద్యుత్తు పుట్టిస్తున్నాడు. ఈ బడిలో దాని ఊసే లేదు. సైన్సు విద్యార్థిగా ఇది నాకు మింగుడుపడదు.

ఇంతకన్నా మింగుడుపడనిది మరొకటుంది. బడికి పేరొచ్చేకొద్దీ దూరాలనుంచి డబ్బున్నవాళ్ళ పిల్లలు వచ్చారు. సంఖ్య మూడువందలు దాటింది. షెరిఫ్ ఎవరికోసం ఆస్తి రాశాడో ఆ ఊరి పిల్లలకు కింది తరగతుల్లో చదువు సరిగా అందకుండా పోయింది. చిన్నపిల్లలు వద్దని ఆర్నాల్డే ఆ తరగతుల్ని వాడిపోనిచ్చాడు. మొదలు అందుకోనివాడు పై తరగతికెట్లా వెళతాడు? కాలవ తవ్వించినవాడి పొలానికే నీరు ఎక్కకపోవడం మా పల్లెల్లో చూస్తూనే వుంటాం. రాటిస్లా అనే ఊరి ప్లీడరు కోర్టుకెక్కాడు. 1839లో వచ్చిన తీర్పు ఆర్నాల్డ్ పద్ధతిని తప్పుపట్టింది.

1841లో ఆక్స్‌ఫర్డులో చరిత్ర ఆచార్య పదవి కూడా దక్కింది. కాని అనుభవించింది కొద్దినెలలే. 1842 జూన్ 12 ఆదివారం తెల్లవారుజామున గుండెనొప్పితో మరణించాడు. మరునాడు ఆయన నలభైఏడో పుట్టినరోజు. ఆ బడి చాపెల్లోనే సమాధి చేశారు.

ఆటకూ ఆయనకూ సంబంధం తక్కువ. పిల్లలే రగ్బీ ఆటకు నియమాలు రాసుకున్నది 1845లో, ఆయన పోయిన మూడేళ్ళకు. ఆయన శిష్యుడు థామస్ హ్యూస్ 1857లో రాసిన టామ్ బ్రౌన్ నవల వల్ల ఆయన పేరు ఇంటింటికీ చేరింది. అది చదివి పరవశించిన ఫ్రెంచివాడు కూబర్తే, తరవాత 1896లో ఏథెన్సులో ఒలింపిక్ ఆటల్ని తిరిగి మొదలుపెట్టించాడు. మన దేశానికీ ఆ బడి ముద్ర తగిలింది. కొడుకుల్లో ఒకడైన విలియం పంజాబు విద్యాశాఖకు అధికారిగా పనిచేశాడు. 1857లో ఢిల్లీ దగ్గర బహదూర్ షా కొడుకుల్ని నిరాయుధుల్ని చేసి తన చేత్తో కాల్చిచంపిన హడ్సన్ కూడా ఆర్నాల్డ్ కాలంలో రగ్బీలో చదివినవాడే.

ఊరి పిల్లల సంగతి 1878 దాకా తెగలేదు. ఆ సంవత్సరం వాళ్ళ కోసం వేరే బడి తెరిచి, దానికి పచారీ వర్తకుడు లారెన్స్ షెరిఫ్ పేరే పెట్టారు.