పసిగుండెల నెఱిగిన హెలెన్ టౌసిగ్

కర్నూలు, కడప మండలముల పల్లెలలో పూర్వ మొక విధమగు శిశువులు కానవచ్చుచుండెడివారు. పాలు త్రాగుచుండగనే వారి పెదవులు నేరేడుపండ్లవలె నల్లబడును. నాలుగడుగులు నడచినంతనే ఆయాసమువచ్చి గొంతుకూర్చుందురు. దిష్టి తగిలినదని తల్లులు తాయెత్తులు కట్టించుచుండిరి. అది పుట్టుకతో గుండెయందేర్పడిన లోపమని తెలిసినను, ఆ కాలమున చేయదగిన చికిత్స యేదియు లేకుండెను. అట్టి బిడ్డలకు బ్రతుకుదారి చూపినవారిలో అగ్రగణ్యురాలు హెలెన్ టౌసిగ్.

ఆమె 1898 మే 24న అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణమున జన్మించెను. తండ్రి హార్వర్డు విశ్వవిద్యాలయమున పేరుగాంచిన అర్థశాస్త్రాచార్యుడు. హెలెనుకు పదునొకండేండ్లప్పుడు తల్లి క్షయరోగముతో మరణించెను. అక్షరములు తారుమారుగా తోచు చదువుచిక్కు ఆమెకు బాల్యమునుండియు ఉండెను. తండ్రి యోర్పుతో ప్రక్కన కూర్చుండి చదివించెను. ఆనాడు హార్వర్డు వైద్యకళాశాల స్త్రీలకు పట్టము నొసగకుండెను. అందువలన ఆమె బాల్టిమోరునందలి జాన్స్ హాప్కిన్స్‌లో చేరి 1927లో వైద్యపట్టము నందెను. 1930లో అచటి శిశు హృద్రోగశాలకు అధ్యక్షురాలయ్యెను.

ఇంతలో మఱియొక విపత్తు సంభవించెను. ఆమె వినికిడి సన్నగిల్లెను. గుండెచప్పుడు వినవలసిన వైద్యునికి అంతకుమించిన లోపమేమున్నది? ఆమె వెనుదీయలేదు. పెదవుల కదలికనుబట్టి మాట గ్రహించుట నేర్చుకొనెను. బిడ్డ రొమ్ముపై వ్రేళ్లుంచి గుండె నడకను స్పర్శచేతనే తెలిసికొనెను.

నీలిబిడ్డల గుండెలో రెండు జఠరికల నడుమ రంధ్రముండును. ఊపిరితిత్తులకు పోవు మార్గము ఇఱుకై యుండును. గర్భమునందుండగా తెఱచియుండు ఒక చిన్ననాళము, పుట్టిన పిమ్మట మూసికొనినంతనే ఈ బిడ్డలు మఱింత నీలిబాఱుటను టౌసిగ్ గమనించెను. అట్టి నాళమునే శస్త్రముతో కల్పించిన నేమని ఆమెకు తోచెను. బోస్టనులోని శస్త్రవైద్యుడు రాబర్టు గ్రాస్ ఆ సూచనను పట్టించుకొనలేదు. 1941లో బాల్టిమోరు వచ్చిన ఆల్ఫ్రెడ్ బ్లలాక్ అంగీకరించెను. బ్లలాక్ ప్రయోగశాలలో వివియన్ థామస్ అను నల్లజాతి సహాయకుడు కుక్కలపై ప్రయోగములు చేసి ఆ కుట్టుపనిని సాధించెను.

1944 నవంబరు 29న నాలుగు కిలోల ప్రాంతపు బరువున్న పదునైదునెలల ఆడుబిడ్డకు శస్త్రచికిత్స జరిగెను. చేతికి పోవు ధమనిని ఊపిరితిత్తుల ధమనితో కలిపిరి. థామస్ వెనుక నిలిచి సలహా లిచ్చెను. బిడ్డ కోలుకొనెను గాని, కొన్ని నెలలకు మఱల రోగము తిరుగబెట్టి మరణించెను. మూడవ బిడ్డ శస్త్రశాలలోనే నీలివన్నె వీడి గులాబివన్నె దాల్చెను. ఆ వార్త వినినంతనే దేశదేశములనుండి తల్లులు బిడ్డల నెత్తుకొని బాల్టిమోరు చేరిరి. చికిత్సకు బ్లలాక్, టౌసిగ్‌ల పేరు నిలిచెను. థామస్ పేరు చేర్చుటకు మాత్రము లోకము బహుకాలము తడసెను.

ఇతరు లచ్చటితో తృప్తిపడియుందురు. టౌసిగ్ ప్రశ్న అప్పుడే మొదలయ్యెను: ఈ గుండె ఇరువదియేండ్లకు ఎట్లుండును? తాను చూచిన బిడ్డలు పెద్దవారై, ఉద్యోగములు చేసి, సంసారములు నడుపువఱకును వారి క్షేమమును విచారించుచుండెను. 1963లో ఉద్యోగవిరమణ చేసిన పిమ్మటను ఆ పని మానక, 1970వ దశాబ్దమున దీర్ఘకాల ఫలితములను ప్రకటించెను. పలువురు సుఖజీవనము గడపిరని తేలినది. కొందఱి ఊపిరితిత్తుల ధమనులలో ఒత్తిడి పెరిగినదనియు తేలినది. మేలును కీడును ఒక్క రీతిగనే ఆమె వ్రాసియుంచెను. 1965లో అమెరికా హృద్రోగ సంఘమునకు తొలి మహిళాధ్యక్షురాలై, 1986 మే 20న మోటారు ప్రమాదమున కన్నుమూసెను.

ఆమె ప్రశ్న నేడు మన ముంగిటికే వచ్చినది. 1954లో లిల్లెహై రంధ్రమును మూసి, మార్గమును వెడల్పుచేయు సంపూర్ణ చికిత్సను ప్రారంభించెను. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమువలన పేదయింటి బిడ్డకును గుండె శస్త్రచికిత్స అందినది. 2021లో తిరుపతిలో పసిపిల్లల హృదయాలయము వెలసినది. కాని మార్గమును వెడల్పుచేయునప్పుడు కవాటము చెడుట కలదు. అపుడు రక్తము వెనుకకు కారును, కుడిజఠరిక ఏండ్లతరబడి మెల్లగా సాగి బలహీనమగును, గుండెలయ తప్పవచ్చును. బిడ్డ మాత్రము బడికి పోవును, ఆటలాడును, ఏ బాధయు చెప్పడు.

గాయము మానినది, బిడ్డ గులాబివన్నె కెక్కినాడు, ఇక ఆసుపత్రి యెందులకని తలిదండ్రు లనుకొనుట సహజమే. జొన్నచేనిలో ఒకనాటి కూలి పోగొట్టుకొని, బస్సుఖర్చు పెట్టుకొని దూరపు నగరమునకు పోవుట వారికి తేలిక కాదు. అయినను, వైద్యుడు చెప్పిన గడువున గుండెను పరీక్షింపజేసిననే కవాటమును సకాలమున మార్చుటకు వీలగును. శస్త్రచికిత్స యొక్కపూట పని; ఆ గుండెను కాచుకొనుట నిండు బ్రతుకు పని. చెవి వినబడని ఆ వైద్యురాలు తన బిడ్డల గుండెలపై జీవితాంతము చేయి తీయకుండుటకు కారణ మిదియే.