వైద్యరత్న దీవి గోపాలాచార్యులు

మన బెంగుళూరుతో సంబంధము గల తెలుగు వైద్యులలో పండిత దీవి గోపాలాచార్యులవారు ముఖ్యులు. వీరు 1872లో మచిలీపట్నమున వైద్యుల వంశములో జన్మించిరి. మైసూరులో ఆయుర్వేదమభ్యసించి, ఈ నగరమందలి ఆయుర్వేద వైద్యశాలలో కొంతకాలము పనిచేసిరి. 1898లో బెంగుళూరును ప్లేగు పీడించినది. ఆ వ్యాధికని వీరు తయారుచేసిన హైమాదిపానకము, శతధౌతఘృతము ఆనాడు పేరు పొందినవి.

పిదప చెన్నపట్నమున శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి ఆయుర్వేద కళాశాలను నడపిరి. ఆ రోజులలో ప్రభుత్వాదరణ అంతయు ఇంగ్లీషు వైద్యమునకే. మన వైద్యమును చదువుకొన్నవారే చిన్నచూపు చూచుచుండిరి. ఆచార్యులవారు వాదములతో తృప్తిపడక, క్రమమైన విద్యాబోధనకు పూనుకొనిరి. పాశ్చాత్య వైద్యమున పట్టభద్రులైన ఆచంట లక్ష్మీపతిగారంతటివారు వీరికి శిష్యులైరి. ప్రభుత్వమే వీరిని వైద్యరత్న బిరుదుతో గౌరవించినది.

వీరు స్థాపించిన ఆయుర్వేదాశ్రమమువారి జీవామృతము తెలుగువారి ఇండ్లలో చిరకాలము వాడుకలోనుండెను. నీరసమునకు, నరముల బలహీనతకు ఇది మంచి బలౌషధమని పత్రికలలో ప్రకటనలు వచ్చెడివి.

అయితే సీసాలోని మందు త్రాగి యెప్పటివలెనే రాత్రింబవళ్లు శ్రమపడవచ్చునని ఆయుర్వేదము చెప్పలేదు. చరకసంహితలో బలమునిచ్చు మూలికలతో అశ్వగంధ, అనగా మన పెన్నేరు, చేరియున్నది. కాని శ్రమను పోగొట్టునవని వేరుగా చెప్పిన పదింటిలో ద్రాక్ష, ఖర్జూరము, దానిమ్మ, రేగు, అత్తి, చెఱకు, యవలు, షష్టిక ధాన్యము కలవు. ఇవన్నియు ఆహారములే! నిద్రను, మేల్కొనుటను సమముగానుంచుకొనుట, అతిశ్రమను, కోపమును విడుచుట కూడ రసాయనమేయని అదే గ్రంథము చెప్పుచున్నది. దీనికి ఆచార రసాయనమని పేరు.

నేడు మన నగరమున కంప్యూటరు ముందు తెల్లవారువరకు కూర్చుండి, అలసటకు అశ్వగంధ బిళ్లలు కొనువారు అనేకులు. దానివలన మనస్సుపై ఒత్తిడి కొంత తగ్గునని కొన్ని చిన్న పరీక్షలలో కనబడినది. కొందరికి కాలేయము దెబ్బతిన్నట్లును వైద్యులు నమోదుచేసిరి. గర్భిణులు దానిని వాడరాదు. థైరాయిడ్ మందులు పుచ్చుకొనువారు వైద్యునడుగక ముట్టరాదు. అలసట వారములకొలది తీరకున్న, రక్తహీనతయో మధుమేహమో యేమోయని పరీక్ష చేయించుకొనుట విధి.

ఆచార్యులవారు 1920లో, ఏబది యేండ్లయినను నిండకుండగనే పరమపదించిరి. మందును వైద్యుని చేతినుండియు, విశ్రాంతిని మన చేతులతో మనమును తీసికొనవలెను. ఈ ఉగాదినాడు వేపపూవు పచ్చడితోపాటు వేళకు నిద్రించు నియమమును గూడ స్వీకరింతుముగాక!